ఆర్నెల్లు ఆగడం కూడా వైద్యమే

సింగపూర్‌లో సిగరెట్ ముట్టని ఆడవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడం పెద్ద వింతేం కాదు. ఆ సంగతి తెలుసు కాబట్టే, దగ్గు తగ్గక మా ఆవిడకి తీయించిన సీటీ స్కాన్‌లో 8 మిల్లీమీటర్ల మచ్చ ఉందనగానే నాకు కాళ్ళాడలేదు. రిపోర్టులో 'గ్రౌండ్ గ్లాస్' అని రాశారు. బాత్రూం కిటికీకి పెట్టే మసక అద్దం లాంటిదన్నమాట.

డాక్టరమ్మ ఆపరేషన్ మాట ఎత్తలేదు. ఆర్నెల్లాగి మళ్ళీ స్కాన్ తీద్దామన్నారు. గుంటూరు నుంచి అమ్మ ఫోన్లో, "అదేం వైద్యంరా, ఒంట్లో పెట్టుకుని కూర్చోమంటారా?" అంది. అమ్మకి జవాబు చెప్పాలని చదవడం మొదలుపెట్టాను.

ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి గదులుంటాయి. కొన్ని చెడ్డ కణాలు ఆ గోడల వెంబడే, పందిరి మీద చిక్కుడు పాదులా పాకుతాయి. గోడ పగలదు, గదిలో గాలి ఉంటుంది. అందుకే స్కాన్‌లో పల్చటి మసకలా కనిపిస్తుంది, అందులోంచి రక్తనాళాలూ కనబడతాయి. 2013 జూన్‌లో ఇండోనేషియా పొగ కమ్మినప్పుడు ఎదుటి బ్లాకులు లీలగా కనబడేవి చూడండి, అలాగ. కణాలు గోడ దాటి లోపలికి చొరబడితే గాలి పోయి అక్కడ గట్టిగా, తెల్లగా కనబడుతుంది. కాబట్టి మచ్చ మొత్తం ఎంతుందన్న దానికన్నా, అందులో ఆ తెల్లటి భాగం ఎంతన్నదే ముఖ్యం.

గోడ దాటనంతవరకూ దాన్ని 'ఇన్ సిటూ' అంటారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని క్యాన్సర్‌కి ముందు దశల్లో చేర్చింది. చొరబాటు 5 మిల్లీమీటర్ల లోపుంటే 'మినిమల్లీ ఇన్వేసివ్'. జపాన్‌లో 2 సెంటీమీటర్ల లోపు ఉండి, గట్టి భాగం పావు వంతు మించని మచ్చలకి చిన్న ముక్క మాత్రమే కోసి చూశారు. ఐదేళ్ళకి 99.7 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు.

స్కాన్ చెప్పేది అంచనాయే. పాత గాయం మచ్చ కూడా గట్టిగా కనబడొచ్చు, మసకలోనూ చొరబాటు దాగి ఉండొచ్చు. ఆఖరి మాట మైక్రోస్కోపుదే. కానీ ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన మసకైతే దానంతటదే పోతుంది. కోసేసిన ఊపిరితిత్తి మాత్రం తిరిగి రాదు. అందుకే 2017 ఫ్లైష్నర్ సొసైటీ సూచనల్లో, 6 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న ఒంటి మసక మచ్చకి 6 నుంచి 12 నెలల్లో ఒక స్కాన్, అది అలాగే ఉంటే తర్వాత రెండేళ్ళకోసారి, ఐదేళ్ళ దాకా.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా చెబితే ఒక్క పని చేయండి. రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ బొమ్మల సీడీ కూడా అడిగి భద్రంగా దాచండి. మిల్లీమీటరు తేడా తేలాలంటే పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ పెట్టి చూడాల్సిందే.