పీట సరిగా లేక

1993లో మేము నందిగామలో ఒక అద్దె ఇంటిలో ఉండేవారము. ఇద్దరమూ ఉపాధ్యాయులమే. నాన్నగారు ప్రభువునందు నిద్రించిన తరువాత, జగ్గయ్యపేట దగ్గరి మా స్వగ్రామము నుండి ఆయన రికార్డు ప్లేయరు, ఒక పెట్టెడు రికార్డులు మా ఇంటికి వచ్చాయి. చాలా వరకు భక్తి గీతములే. సాయంకాల ప్రార్థన ముగిశాక ఒక రికార్డు వినడం మా కుటుంబమునకు అలవాటైంది.

ప్లేయరు, ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు అన్నింటినీ ఒకే పొడవాటి చెక్కబల్ల మీద ముచ్చటగా సర్దుకున్నాము. నెల తిరగకముందే బాధలు మొదలైనవి. పాట మధ్యలో ముల్లు గాడి తప్పి ఎగిరేది. కొంచెము శబ్దము పెంచితే గుమ్మని మోత. ఒకరోజు నాన్నగారికి ఎంతో ఇష్టమైన రికార్డు మీద పొడవాటి గీత పడింది. అప్పుడు బల్ల పక్కన ఉన్నది మా తొమ్మిదేండ్ల పెద్దవాడు. "నేను ముట్టుకోలేదు" అని వాడు ఏడుస్తున్నా వినక, రెండు దెబ్బలు వేశాము. ఆ తరువాత వాడు పాటలు పెట్టే వేళకు వీధిలోకి వెళ్ళిపోయేవాడు.

క్రిస్మసు దగ్గరపడింది. అరిసెలకు బియ్యము దంచుతుండగా, రోకటి పోటు పడినప్పుడల్లా ముల్లు ఎగిరింది. పిల్లవాడు ఆ సమయమున ఇంటిలోనే లేడు. మేము ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము.

జగ్గయ్యపేటలో ఒక రేడియో మెకానిక్కును అడిగాము. ఆయన నవ్వి, "మిషనులో ఏమీ లేదు మాస్టారూ, మీ బల్లలో ఉంది" అన్నాడు. రికార్డు మీది గాడి వెంట్రుక కన్న సన్నము. అందులోని వంకరలకు ముల్లు కదిలితే పుట్టే కరెంటు కొద్ది మిల్లీవోల్టులే. దానిని ఎన్నో రెట్లు పెంచితేనే స్పీకరు పలుకుతుంది. బల్ల అదిరినా ముల్లుకు అదీ పాటగానే తోస్తుంది. స్పీకర్లు అదే బల్ల మీద ఉంటే వాటి అదురు చెక్కలోగుండా ముల్లుకు చేరి, మళ్ళీ పెరిగి, మళ్ళీ స్పీకరులోనికి వస్తుంది. గుమ్మనే మోత అదే.

ఆయన చెప్పినట్లే చేశాము. జగ్గయ్యపేట ప్రాంతము సున్నపురాయికి పేరు పొందినదే. 1882లో బర్జెస్ దొర ధనంబోడు మీద తవ్వించిన బౌద్ధ స్తూపమునకు తొడిగినవి కూడ సున్నపురాయి పలకలే. మేము ఒక నాపరాతి పలక తెచ్చి, గోడకు ఇనుప బ్రాకెట్లు బిగించి, రసమట్టము పెట్టి సమముగా అమర్చాము. రాయి కింద నాలుగు మూలల సైకిలు ట్యూబు ముక్కలు మడిచి పెట్టాము. స్పీకర్లను వేరుగా, గోడకు జానెడు ఎడముగా, కూర్చున్నవారి చెవి ఎత్తున ఇటుక దిమ్మెల మీద నిలిపాము. ఆంప్లిఫయరు వేడెక్కుతుంది గనుక దానిపైన ఏమీ పెట్టలేదు.

ఈనాడు పట్టణములలో ఇందుకోసమే ఇనుప స్టాండ్లు, మేకు మొనల వంటి కాళ్ళు గల పీటలు వేల రూపాయలకు అమ్ముతున్నారు. అవి చేసే పని కూడ ఇంతే: కదలకుండుట, సమముగా ఉండుట, ఒకదాని అదురు మరొకదానికి చేరకుండుట.

ఆ రాత్రి పిల్లవాడిని పిలిచి, "తప్పు మాది, నీది కాదు, మమ్మును క్షమించు" అని అడిగాము. వాడు ఏమీ అనలేదు. నాన్నగారి రికార్డు తీసి, తానే ముల్లు దించాడు. పక్కన రోకలి ఆడుతూనే ఉంది, పాట ఆగలేదు. గీత పడిన చోట మాత్రము టక్కుమన్నది. ఇప్పటికీ అంటుంది.

బండ, ఇసుక మాట ఆదివారము బడి నుండి వింటూ వచ్చినవారమే మేము. అయినా ఇంటిలో ఏదైనా చెడితే ముందు చేతికందినవారినే పట్టుకుంటాము. ప్రియులారా, పిల్లవాడి మీద చెయ్యి ఎత్తకముందు, పీట కదులుతున్నదేమో ఒకసారి చూడండి.