అరకులోయ కాఫీతోటలు



విశాఖపట్టణమున ఉదయమే రైలెక్కినవారికి శృంగవరపుకోట దాటినపిమ్మట తూర్పుకనుమలు ఎదురగును. సొరంగములోని చీకటియు, లోయలోని వెలుగును ఒకదానివెంట నొకటి వచ్చుచుండును. బొర్రాగుహలు దాటి, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న అరకు చేరునప్పటికి పుష్యమాసపు చలి శాలువలోనికిని జొచ్చును. మావారికి సంక్రాంతి సెలవు లిచ్చినందున మేమీ యాత్ర చేసితిమి.

చూడవచ్చినవారు సాధారణముగా గుహలను, జలపాతములను జూచి మరలుదురు. నా మనస్సు నాకర్షించినవి మాత్రము కొండవాలున చిన్నచిన్న కమతములలో గిరిజనులు పెంచు కాఫీతోటలు. అవి మన అరటితోటలవలె నొక్కజాతి చెట్లు గలవి కావు. పైన సిల్వరు ఓకు, పనస, మామిడి; వాని మ్రాకుల నల్లుకొని మిరియపు తీగ; ఆ నీడను కాఫీ పొదలు. పైచెట్టు ఎండతాపమును తగ్గించును. రాలిన ఆకు నేలతడిని నిలిపి, క్రుళ్ళి ఎరువగును. వేళ్ళు వానకు మన్ను కొట్టుకొనిపోకుండ బట్టియుంచును.

ఈ కనుమలలో కాఫీ 1898 ప్రాంతమున పాములేరు లోయలో మొదలయ్యెనందురు. పూర్వము గిరిజనులు అడవి నరికి, కాల్చి, కొన్నియేండ్లు చోళ్ళు, సామలు పండించి, సారము తీరగనే వేరొకచోటికి బోయెడివారు. ఆ పోడుకు బదులుగా స్థిరమైన జీవనము గల్పింప సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ మొక్కలనిచ్చి తోటలు వేయించినది. గిరిజన సహకార సంస్థ పంట కొనుచున్నది. 2019వ సంవత్సరమున అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది.

పండ్లు గోయుచున్న యొక యిల్లాలిని బలుకరించితిని. "ఎర్రనివే కోయాలమ్మా, పచ్చివి కలిస్తే ధర రాదు" అనెను. ఒకే కొమ్మకు నాలుగైదు పర్యాయములు రావలసియుండును. నాటిన మూడు నాలుగేండ్లకుగాని కాపు రాదు. అంతవరకు పల్లపుమడిలోని వరియు, మెట్టలోని చోళ్ళు, పసుపును ఇంటిని నిలుపవలెను. ఆ నిరీక్షణభార మధికముగ స్త్రీలదే.

చెట్టున్నచో భయములేదని యనుకొనరాదు. 2014 అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుద్ తుపాను సిల్వరు ఓకులను విస్తారముగా గూల్చివైచినది. అవి క్రిందిపొదలను నలిపినవి. నీడ తొలగినచోట మిగిలినవి యెండకు వాడినవి. వేసవి తొలి జల్లులు తప్పినను కాఫీ పూత చెడును; కోతకాలమున వాన గురిసినచో గింజ యారదు. కావుననే నీడకు ఒక్కజాతినే నమ్మక, పనస, మామిడి, నేరేడు మొదలగువానిని గలిపి పెంచుట మేలు. కాఫీ తప్పిన యేట మిరియము, అదియు తప్పినచో పనసపండు కొంత యాదుకొనును. ఋతువులు తప్పుచున్న యీ దినములలో బీదరైతున కిదియే ధాన్యపుగాదె.

అయితే గాదెకు తాళముచెవి యెవరిచేత నున్నదను ప్రశ్న మిగులును. 2006 నాటి అటవీహక్కుల చట్టము వివాహితులకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరను ఈయవలెనని చెప్పుచున్నది. మొక్కలను, శిక్షణను ఇచ్చువారు పండ్లు గోయు చేతులను మరువరాదు. పట్టాలోను, పంటసొమ్ములోను ఇల్లాలికి పాలున్ననాడే ఆ చెట్లనీడ బిడ్డల కంచముదాక వచ్చును.