పదివేలకు ఆరున్నర

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు అడిగితే, "పాఠం చెప్పడం తప్ప నాకేం రాదు సార్" అన్నాను. "ఆ పాఠమే మన పిల్లలకు అర్థమయ్యేట్టు రాయండి" అన్నారు. కాబట్టి తమ్ముళ్లారా, ఇది కథ కాదు, కవిత కాదు. ఫిజిక్స్ చదువుకుంటూ నేను నేర్చుకున్న ఒక లెక్క సంగతి.

మీ అరచేయి చాపి చూడండి. సెకనుకు ఒకటో రెండో కంటికి కనపడని కణాలు దానిలోంచి దూసుకుపోతుంటాయి. ఇవి విశ్వకిరణాల పిల్లలు. అంతరిక్షం నుంచి దాదాపు కాంతి వేగంతో వచ్చే ప్రోటాన్ లాంటి కణం మన వాతావరణాన్ని గుద్దుకుని జల్లుగా విడిపోతుంది. మన మీద పడేది ఆ జల్లే. 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎక్కి వీటి జాడ కనిపెట్టాడు. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

కానీ ఇవి పుట్టేది ఎక్కడ? వచ్చిన దిక్కును బట్టి చెప్పడం కష్టం. విద్యుదావేశం ఉన్న కణాలు కాబట్టి పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాలు వాటి దారిని వంకరలు తిప్పేస్తాయి. తిరనాళ్లలో జనం మధ్య నెట్టుకుంటూ తిరిగిన పిల్లవాడు ఏ సందులోంచి బయటికి వచ్చాడో చూసి వాడిది ఏ ఊరో చెప్పలేం కదా! అందుకే విశ్వకిరణాలు అన్ని దిక్కుల నుంచీ దాదాపు సమానంగా వస్తున్నట్టు కనిపిస్తాయి.

ఆ "దాదాపు" అన్న మాట వెనక ఎంత పని ఉందో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఊటీ వెళ్లినప్పుడు తెలిసింది. అక్కడ 2,200 మీటర్ల ఎత్తున టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల గ్రేప్స్-3 ప్రయోగం ఉంది. ఎనిమిదేసి మీటర్ల దూరంలో, దాదాపు 400 డిటెక్టర్లు పొలంలో నాటినట్టు ఉంటాయి. కణాల జల్లు వాలుగా వస్తే ఒక పక్క డిటెక్టరుకు ముందు తగులుతుంది, అవతలి పక్కదానికి సెకనులో వంద కోట్లవ వంతుల లెక్కలో ఆలస్యంగా తగులుతుంది. ఆ తేడాను బట్టి జల్లు ఏ దిక్కు నుంచి వచ్చిందో కట్టేస్తారు.

దిక్కు తెలిస్తే సరిపోదు. మా బ్యాచ్‌లో ఒక నమ్మకం ఉండేది. ముందు వరసకు పప్పునీళ్లు, చివరి వరసకు గట్టి పప్పు అని. ముందు కూర్చున్నవాళ్లు అవునంటారు, వెనక కూర్చున్నవాళ్లు కాదంటారు. ఒకపూట చూసి ఎవరూ తేల్చలేరు. విశ్వకిరణాలదీ అదే తంతు. వంద లెక్కపెడితే పది అటూ ఇటూ వాటంతటవే మారతాయి. 10 లక్షలు లెక్కపెడితే వెయ్యి అటూ ఇటూ అవుతాయి, అంటే వెయ్యికి ఒకటి. పదివేలకు ఒకటి చొప్పున ఉన్న తేడా తేలాలంటే 10 కోట్లు లెక్కపెట్టినా చాలదు.

ఇంకో చిక్కు ఉంది. గాలి పీడనం పెరిగితే లెక్క తగ్గుతుంది. ఒక మూల డిటెక్టరు చెడిపోతే ఆ పక్క ఆకాశమే తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకని ముందు తమ పరికరంలో ఉన్న హెచ్చుతగ్గుల్ని తీసేయాలి. ఇక్కడ భూమి తిరగడమే సాయం చేస్తుంది. ఒకే డిటెక్టరు కిందికి ఆకాశం అంతా వరసగా వచ్చి పోతుంది. పైగా ఎండా చలీ తెచ్చే మార్పులు సూర్యుడి రోజును బట్టి, 24 గంటలకోసారి తిరుగుతాయి. నక్షత్రాల ఆకాశం 23 గంటల 56 నిమిషాలకే తిరిగొస్తుంది. పూర్తి ఏడాది లెక్క తీస్తే ఈ రెండూ విడిపోతాయి.

పరికరాన్ని పరీక్షించే దారి కూడా ఉంది. వానలో సైకిలు తొక్కితే ముందు వైపే ఎక్కువ తడుస్తాం. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది కాబట్టి ఎదురు దిక్కున కిరణాలు పదివేలకు నాలుగైదు ఎక్కువ తగలాలి. కదలిక వల్ల ఇలాంటి తేడా వస్తుందని కాంప్టన్, గెటింగ్ 1935లోనే చెప్పారు. అది రావలసిన చోట వస్తే మన లెక్కను నమ్మొచ్చు.

ఊటీ వాళ్లు 2013 నుంచి 2016 దాకా నాలుగేళ్లలో నమోదైన 370 కోట్ల జల్లుల్ని విశ్లేషించి 2024లో ఫలితం ప్రకటించారు. ఆకాశంలో రెండు చోట్ల నుంచి కిరణాలు కాస్త ఎక్కువ వస్తున్నాయి. ఒకచోట పదివేలకు ఆరున్నర, ఇంకోచోట సుమారు అయిదు. అంతే!

అంతకుముందు 2017లో అర్జెంటీనాలోని పియరీ ఆజే అబ్జర్వేటరీ వాళ్లు ఇంకా ఎన్నో రెట్లు శక్తి గల కిరణాల సంగతి తేల్చారు. 3,000 చదరపు కిలోమీటర్లలో 1,600 నీటి ట్యాంకులు పెట్టి, పన్నెండేళ్లకు పైగా కాచుకుంటే దొరికినవి 30 వేల పైచిలుకు. వాటిలో తేడా నూటికి ఆరున్నర. ఎక్కువ వచ్చే దిక్కు మన పాలపుంత కేంద్రానికి చాలా పక్కకు ఉంది. కాబట్టి అవి మన పాలపుంత దాటి అవతలి నుంచి వస్తున్నాయని అర్థమైంది. ఎక్కడి నుంచి అన్న ప్రశ్నకు కొంత జవాబు ఆ చిన్న తేడాయే ఇచ్చింది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, చదువుకునే రోజుల్లో ఒకాయన నాతో, "ఇప్పుడందరూ సమానమే కదా, మాకేం తేడా కనపడటం లేదే" అన్నాడు. కోపం వచ్చింది గానీ నోరు పెగల్లేదు. ఇప్పుడైతే "ఎంతమందిని లెక్కపెట్టి చూశావన్నా?" అని అడుగుతాను. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. అయితే అడిగేవాడి దగ్గర కూడా సరైన లెక్క ఉండాలి. మనకు అనుకూలమైన నాలుగు ఉదాహరణలు ఏరుకొస్తే అది లెక్క కాదు.

మా బ్యాచ్‌లో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకున్న వాళ్లలో ఎంతమంది ఇంటర్‌లో చేరారు, ఎవరు ఎందుకు మధ్యలో ఆపేశారు, ఎవరి దగ్గరా రాసి లేదు. పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఈ ఏడాది నుంచి బ్యాచ్‌కొక రిజిస్టరు పెడదాం. పైకొచ్చిన వాళ్ల పేర్లతో పాటు ఆగిపోయిన వాళ్ల పేర్లూ, కారణాలూ రాద్దాం. మొదటి రిజిస్టరు నేను కొని తెస్తాను. మా బ్యాచ్ మిత్రులు తలా నాలుగు పేర్లు చెప్పండి చాలు.