చరోదాలో ఒక సొంత గడప
మార్కెట్ మందగిస్తే కొనేవాడిదే పైచేయి అంటారు. క్వార్టర్ ఖాళీ చేయాల్సిన రోజు దగ్గరపడుతున్న రైల్వే ఉద్యోగి విషయంలో ఆ లెక్క అంత తేలిక కాదు.

రాయ్‌పూర్‌లో దుర్గ్ వైపు వెళ్లే లోకల్ ఎక్కితే సరోనా దాటాక ఖారున్ నది వస్తుంది. తర్వాత కుమ్హారీ, ఆ తర్వాత దేవ్‌బలోదా చరోదా. కిటికీలోంచి చూస్తుండగానే పట్టాలు రెండు నాలుగై, నాలుగు పదులై విచ్చుకుంటాయి. బొగ్గు దించిన వ్యాగన్లు, ఇనుప ఖనిజం మోసే వ్యాగన్లు, ఇంజన్ కోసం ఎదురుచూస్తున్న వ్యాగన్లు. ఇది భిలాయ్ మార్షలింగ్ యార్డు. రైల్వే వాళ్ల నోట బీఎంవై. స్టేషన్ బయట పోహా, జిలేబీ బండి దగ్గర హిందీలో బేరమాడుతున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏట్రా ఇంత ఆలీసం? బండి లేటా?" అన్నారు. ఛత్తీస్‌గఢ్ నడిబొడ్డున శ్రీకాకుళం యాస. ఆయన మా మేనమామ.

అది 2019 అక్టోబరు, దసరా వెళ్లిన వారం. మావయ్య గూడ్స్ గార్డుగా 36 ఏళ్లు పనిచేసి జూలై 31న రిటైరయ్యారు. నన్ను పిలిచింది పండక్కి కాదు, ఇల్లు చూడడానికి. "నువ్వు కాగితాలు చదవగలవు. నాకు సిగ్నల్ చూడ్డమే వచ్చు" అన్నారు.

రైలు తెచ్చిన ఊరు

చరోదాలో ఇంతమంది తెలుగువాళ్లు ఎలా చేరారన్న ప్రశ్నకు జవాబు పట్టాల్లోనే ఉంది. వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్ ఒకప్పుడు ఒకే బెంగాల్ నాగపూర్ రైల్వే కింద ఉండేవి. తర్వాత ఆగ్నేయ రైల్వేగా కొనసాగాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్‌కు లైను ఉంది. రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి ఇక్కడ దిగొచ్చు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయ్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించేనాటికి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మట్టి పనికి, రాతి పనికి, ఇనుప పనికి వచ్చినవాళ్లు బస్తీలు కట్టుకున్నారు. ఒకరు వస్తే తమ్ముడు వచ్చాడు, తమ్ముడి వెంట బావమరిది వచ్చాడు. సెక్టార్-5లో ఆంధ్ర సాహిత్య సమితి ఆధ్వర్యంలోని బాలాజీ గుడి ఆ రాకపోకల గుర్తే.

స్టీల్ ప్లాంటు వాళ్లు సెక్టార్లలో, రైల్వే వాళ్లు చరోదా, భిలాయ్-3 కాలనీల్లో ఉండిపోయారు. ఇద్దరికీ ఒక పోలిక ఉంది. జీవితమంతా ఇంటి గురించి ఆలోచించాల్సిన పని పడలేదు. కుళాయి పాడైతే ఫిర్యాదు రాస్తే సరిపోయేది. గోడకు సున్నం వేయించేది ఎవరో కాదు, డిపార్ట్‌మెంటే. అరవయ్యో ఏట ఒక నెలాఖరున ఆ హామీ ఒక్కసారిగా ఆగిపోతుంది.

గడియారం, గ్రాట్యుటీ

రైల్వేలో రిటైరైన వ్యక్తి మామూలు అద్దెకు నాలుగు నెలలు క్వార్టర్‌లో ఉండొచ్చు. అనారోగ్యమో పిల్లల చదువో కారణం చూపితే రెట్టింపు అద్దె మీద మరో నాలుగు నెలలు ఇస్తారు. ఖాళీ చేసి తాళంచెవి అప్పగించేదాకా గ్రాట్యుటీ చేతికి రాదు. చిక్కు ఇక్కడే ఉంది. గ్రాట్యుటీ వస్తే ఇల్లు కొనొచ్చు. ఇల్లుంటే క్వార్టర్ వదలొచ్చు. క్వార్టర్ వదిలితేనే గ్రాట్యుటీ. మావయ్యకు పీఎఫ్, కమ్యుటేషన్ సొమ్ము వచ్చినా అందులో సగం కూతురి పెళ్లి అప్పులకు పోయింది. నవంబరు నెలాఖరు ఆయన గడువు.

ప్లాంటులో రిటైరైన స్నేహితుడి ఇబ్బంది ఇంకో రకం. 2004కు ముందు చేరిన రైల్వే ఉద్యోగికి ఆఖరి మూల వేతనంలో సగం, దానిపై కరువు భత్యంతో పింఛను వస్తుంది. ప్లాంటు ఉద్యోగికి ప్రధానంగా భవిష్యనిధి సొమ్ము, దాంతోపాటు 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) ఇచ్చే చిన్న పింఛను. రైల్వే ఆయన నెలనెలా నిశ్చింతగా ఉంటాడు కానీ ఒక్కసారిగా డబ్బు తీయలేడు. ప్లాంటు ఆయన చేతిలో డబ్బుంటుంది కానీ అందులోంచి ఇంటికి ఎంత పెట్టాలన్నది ఆయనకు జీవన్మరణ సమస్య. 2000ల మొదట్లో సెయిల్ తన టౌన్‌షిప్ ఇళ్లను దీర్ఘకాలిక లీజుకిచ్చినప్పుడు తీసుకున్నవాళ్లు గట్టెక్కారు. మిగిలినవాళ్లు బయట వెతుక్కోవాల్సి వచ్చింది.

మూడు ఇళ్లు

2019 ఇళ్ల మార్కెట్‌కు మంచి ఏడాది కాదు. పెద్ద నోట్ల రద్దు దెబ్బకు మూడేళ్లు నిండుతున్నాయి. దేశమంతటా కట్టిన ఇళ్లు అమ్ముడుపోక తాళాలతో ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ జనవరిలో అయిదు డిసిమిల్ లోపు చిన్న ప్లాట్ల రిజిస్ట్రేషన్‌పై నిషేధం ఎత్తేసింది. జూలైలో భూముల గైడ్‌లైన్ ధరలను 30 శాతం తగ్గించింది. ఈ తగ్గింపు 2024 మార్చి దాకా కొనసాగింది. టీ కొట్ల దగ్గర మాట ఒకటే: ఇంకా పడుతుంది, ఆగు. ఆగడానికి వీల్లేనివాళ్లే ఆ మాట ఎక్కువగా వింటున్నారు.

మేం మొదట కుమ్హారీ వైపు కొత్త లేఅవుట్ చూశాం. ముఖద్వారం ఘనంగా ఉంది, లోపల రోడ్డు కంకర దగ్గరే ఆగింది. నమూనా ఇంట్లో సోఫా, బయట చేలు. అక్కడి కుర్రాడు ఇది పెద్దవాళ్లకు ప్రశాంతమైన కాలనీ అన్నాడు. కోయంబత్తూరు, పుణెల్లో వృద్ధుల కోసం ప్రత్యేకంగా కాలనీలు కడుతున్నారు. వాటిలో భోజనశాల, నర్సు, చక్రాల కుర్చీ తిరిగే వాలు దారి ఉంటాయి. ఇక్కడ ఉన్నది ప్రశాంతత ఒక్కటే. రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు, ఎనిమిది ఇళ్లకు మించిన ప్రాజెక్టు నమోదు కావాలి. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదు. నమోదు నంబరు అడిగితే "వస్తోంది" అన్నాడు. మార్కెట్ బాగున్న రోజుల్లో సగం కట్టిన ఇల్లు కొన్నవాడు ఆలస్యంగానైనా ఇంట్లోకి వెళ్తాడు. మార్కెట్ పడినప్పుడు ఆ ఇల్లు సగంలోనే ఉండిపోవచ్చు. అరవయ్యేళ్లవాడు మరో అయిదేళ్లు ఎదురుచూసే బేరం చేయలేడు.

రెండోది విశాఖలో. మధురవాడ దాటాక కొత్త అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. పుణెలో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫొటోలు పంపాడు. "విశాఖ ఎప్పటికైనా పెరుగుతుంది నాన్నా, పెట్టుబడి కూడా" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడ మావయ్యను పేరు పెట్టి పిలిచేవాళ్లు ముగ్గురో నలుగురో.

మూడోది చరోదాలోనే, రైల్వే కాలనీకి పది నిమిషాల నడక. ఒక చిన్న బిల్డరు వరుసగా ఆరు ఇళ్లు కట్టాడు. రెండు అమ్ముడయ్యాయి. నాలుగు ఏడాదిగా ఖాళీ. రెండు గదులు, వంటిల్లు, ముందు తులసికి చోటు, ఒక్కటే మెట్టు. ఆ మెట్టునే అత్తయ్య రెండుసార్లు ఎక్కి దిగి చూసింది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి ఇల్లు చూసే పద్ధతి అది.

ఎనిమిది లోపు ఇళ్లు కాబట్టి దానికి రెరా నమోదు అక్కర్లేదు. అంటే కాగితాలు మనమే చూసుకోవాలి. రెండు రోజులు అదే పని. భూమి డైవర్షన్ అయిందా, లేక రికార్డుల్లో ఇంకా పొలంగానే ఉందా? బీ-1లో, ఖస్రాలో అమ్మేవాడి పేరే ఉందా? భుఁఇయాఁ వెబ్‌సైట్‌లో చూసినదీ పట్వారీ చెప్పినదీ ఒకటేనా? నిగమ్ ఆమోదించిన నక్షా ఉందా? ఈ ప్రాంతంలో పొలాన్ని ముక్కలు చేసి అమ్మిన అవైధ్ కాలనీల్లో జీవితకాలపు పొదుపు పోసినవాళ్లు ఉన్నారు. నీళ్లు రావు, నక్షా పాస్ కాదు, అమ్ముదామన్నా కుదరదు. మా ఆరు ఇళ్ల వరుసకు అన్నీ ఉన్నాయి.

శిఖరం లేని గుడి

ఆ సాయంత్రం దేవ్‌బలోదా గుడికి వెళ్లాం. కలచురుల కాలపు శివాలయం, పక్కనే కుండం. పురావస్తు శాఖ రక్షణలో ఉంది. మహాశివరాత్రికి ఇక్కడ పెద్ద మేళా జరుగుతుంది. గోడల నిండా ఏనుగులు, వేటగాళ్లు, నర్తకులు. పైన శిఖరం మాత్రం లేదు. పని పూర్తికాకుండానే శిల్పి వెళ్లిపోయాడని ఊళ్లో కథ చెబుతారు.

కుండం గట్టు మీద కూర్చుని నేను అనుమానం బయటపెట్టాను. "మావయ్యా, ఈ ఊళ్లో అమ్మేవాళ్లే గానీ కొనేవాళ్లు తగ్గుతున్నారు. ప్లాంటులో, రైల్వేలో పాత సంఖ్యలో భర్తీలు లేవు. పిల్లలు పుణె, హైదరాబాద్ వెళ్లిపోయారు. రేపు ఈ ఇల్లు ఎవరికి అమ్ముతావు?"

మావయ్య మాట్లాడలేదు. అత్తయ్య అంది: "అమ్మడానికి కొంటన్నామేటిరా? నాకు రేత్రి గుండెల్లో నొప్పొస్తే సెక్టార్-9 ఆస్పత్రికి ఎవుడు తీసుకెళ్తాడు? పక్కింటి బాబు. టాటీబంద్ ఎయిమ్స్‌కి ఎవుడొస్తాడు? మీ మావయ్య కింద పనిచేసినోడు. విశాఖలో మూడో అంతస్తు నుంచి నన్ను దించేదెవుడు?"

నాకు జవాబు లేదు. నేను ధర చూస్తున్నాను, ఆమె దూరం చూస్తోంది. ఆస్పత్రికి ఎంత దూరం, కూరగాయల సంతకు ఎంత దూరం, తెలుగులో తన బాధ చెప్పుకోగల మనిషికి ఎంత దూరం. రైల్వే రిటైర్డ్ ఉద్యోగుల వైద్య పథకం కార్డు, పింఛను పడే బ్యాంకు, నవంబరులో జీవన్ ప్రమాణ్ ఇచ్చే చోటు అన్నీ నడక దూరంలోనో, లోకల్ రైలు దూరంలోనో ఉన్నాయి. బ్రోషర్ లేకుండా, భోజనశాల లేకుండా చరోదా ఎప్పుడో విశ్రాంత ఉద్యోగుల కాలనీ అయిపోయింది. దానికి ఎవరూ ఆ పేరు పెట్టలేదు, అంతే.

మర్నాడు బేరం. బిల్డరు 26 లక్షలు చెప్పి 23 దగ్గర ఆగాడు. నేను ఇంకో లక్ష తగ్గించమని పట్టుబట్టబోతే మావయ్య నా మోచెయ్యి నొక్కారు. ఆయన అడిగింది వేరు: మూడో వంతు ఇప్పుడు, ఒప్పందం రాసుకుని తాళంచెవి వెంటనే, మిగతాది గ్రాట్యుటీ వచ్చాక రిజిస్ట్రీ రోజున. మార్కెట్ జోరుగా ఉంటే ఏ బిల్డరూ ఒప్పుకోడు. ఏడాదిగా ఖాళీ ఇళ్లకు కాపలా కాస్తున్న మనిషి ఒప్పుకున్నాడు. మందగించిన మార్కెట్ మావయ్యకు ఇచ్చిన అసలు తగ్గింపు మూడు లక్షలు కాదు, రెండు నెలల వ్యవధి. ఆ వ్యవధే గ్రాట్యుటీ ముడి విప్పింది.

కార్తీకంలో పాలు పొంగించారు. నెలాఖరుకు క్వార్టర్ తాళం అప్పగించారు. 2020 జనవరిలో గ్రాట్యుటీ వచ్చింది, ఫిబ్రవరిలో రిజిస్ట్రీ అయింది. మార్చిలో దేశమంతా తలుపులు మూసుకుంది, రైళ్లు ఆగిపోయాయి. పుణె నుంచి కొడుకు రాలేకపోయాడు, విజయనగరం నుంచి కూతురు రాలేకపోయింది. ఆ నెలల్లో వరుస ఇళ్లవాళ్లు వంతులవారీగా మందులు, కూరలు తెచ్చుకున్నారు. ఆరింటిలో నాలుగు ఇళ్లకు అప్పటికి మనుషులొచ్చారు, అందరూ రిటైరైనవాళ్లే.

అంతా బాగుందని చెప్పడం మాత్రం అబద్ధం. ఇప్పుడు ఆ వరుసలో రెండిళ్లకు తాళాలున్నాయి. ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరూ పోయారు. అమెరికాలో ఉన్న కొడుకు ఇల్లు అమ్మకానికి పెట్టి ఏళ్లవుతోంది. మావయ్య మనవరాలికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. నేను అడిగిన ప్రశ్న ఎక్కడికీ పోలేదు, కుండం గట్టు మీదే కూర్చుని ఉంది.

2024 సెప్టెంబరులో దుర్గ్, విశాఖల మధ్య వందే భారత్ మొదలైంది. ఒక రాత్రి ప్రయాణం ఎనిమిది గంటల పగటి ప్రయాణమైంది. ఈసారి నేను అందులోనే వెళ్లాను. కుమ్హారీ దాటాక అది చరోదాలో ఆగలేదు, యార్డు పక్కగా దూసుకుపోయింది. దుర్గ్‌లో దిగి, మళ్లీ లోకల్ పట్టుకుని వెనక్కి వచ్చాను.

గుమ్మం దగ్గర మావయ్య నిలబడి ఉన్నారు. పక్కన కొత్తగా రెండో మెట్టు కట్టించారు, సగం ఎత్తుతో, పట్టుకోవడానికి ఇనుప కడ్డీతో. "మీ అత్తయ్యకి" అన్నారు. తర్వాత తనే ఆ కడ్డీ పట్టుకుని లోపలికి వెళ్లారు.