భయపెట్టారు సరే, మానేదెలా?

సెకండ్ షోకి వెళ్తే మళ్ళీ అదే పొగాకు యాడ్, అదే డబ్బింగ్ గొంతు. వెనక సీటు కుర్రాళ్ళు ఆ గొంతుతోనే డైలాగులు ముందే చెప్పేస్తుంటే హాలంతా నవ్వులు. క్యాన్సర్ యాడ్‌కి! 2012 అక్టోబరు నుంచీ ఈ యాడ్ వెయ్యడం రూలట. కాసేపటికి హీరోగారు స్లోమోషన్‌లో సిగరెట్ వెలిగించారు, ఈలలే ఈలలు. మూలన చీమ తలకాయంత అక్షరాల్లో హెచ్చరిక. ఎవడు చదివాడు గనక?

పోనీ, భయపడ్డాడే అనుకుందాం. మానాలనుకున్నవాడు రెండోరోజు చిరాకుతో ఇంట్లోవాళ్ళ మీద అరుస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి? సర్కారువారి ఉచిత ఫోన్ లైను ఉంది, 1800-11-2356. సిగరెట్ పెట్టె మీద వేస్తున్నారు. యాడ్‌లో ఆ పుండ్ల నోరు చూపించడం కాస్త తగ్గించి, ఈ నంబరు తెర నిండా వెయ్యండి బాబూ!