మంచుపెట్టెలో మామిడి

ఋతువు నిచ్చిన ఫలమును ఋతువు దాటించి యనుభవింపవలెనను కోరిక మనుష్యునకు క్రొత్తది కాదు. మా నెల్లూరు తీరమున వైశాఖ జ్యేష్ఠములలో మామిడిపండ్లు ఒక్కమారుగా వచ్చి పడును. నేడు పండినది ఎల్లుండికి కుళ్లును. కావుననే మన పెద్దలు తాండ్ర పోసిరి. మేమిప్పుడు బంగినపల్లి ముక్కలను ఫ్రీజరులో దాచి కార్తికమున తినుచున్నాము.

దీనికి మా యింటనే యుండు మేనత్తగారి యాక్షేపణ మొకటి: "ఆరు నెలలనాటిది చద్ది గాక మరేమిరా?" భగవద్గీత పదునేడవ యధ్యాయము పర్యుషితమును తామసాహారములలో చేర్చిన మాట నిజమే. కాని రసము పోయినది, దుర్గంధము గలది అనియు నచ్చటనే యున్నది. దోషము చెడుటలో నున్నది గాని దినములు గడచుటలో లేదని మా యభిప్రాయము. నేయి నూనెలు కలసినదానిని చద్దిదైనను తినవచ్చునని మనుస్మృతియే యన్నది.

చలువ చేయు పనియు చెడకుండ నాపుటయే. సున్నకు 18 డిగ్రీల దిగువను సూక్ష్మజీవులు పెరుగవు. అన్నియు చావవు గనుక కరగిన పండును వెంటనే తినవలెను. మెల్లగా గడ్డకట్టినచో పెద్ద మంచుస్ఫటికము లేర్పడి కణములను చీల్చును, పండు మెత్తబడును. ముక్కలను పళ్లెములో ఎడమెడముగా పరచి, గట్టిపడిన పిమ్మట డబ్బాలో వేయుట మేలు. త్వరగా గడ్డకట్టించుటలోని యీ మర్మమును క్లారెన్స్ బర్డ్స్‌ఐ అను అమెరికా దేశీయుడు 1910 దశకమున లాబ్రడారులో, అచ్చటి జనులు పట్టిన చేపలు చలిగాలికి గడ్డకట్టుట చూచి గ్రహించెను. మా తీరపు రొయ్యలు చెడక విదేశముల కేగుచున్నవన్నను ఆ మర్మము వలననే.

ఇంతయు విని మేనత్తగారు రెండు మాట లనిరి: "తుపానుకు మూడు దినాలు కరెంటు పోతే నీ పెట్టె ఏమవుతుందిరా? తాండ్రకు ఎండవాసన ఉంటుంది, దీనికేముంది?"

మొదటిదానికి మా యొద్ద సమాధానము లేదు. కార్తికము మాకు తుపానుల కాలమే. రెండవది మమ్ము చాల దినము లాలోచింపజేసినది. ఆ యెండ యెవరిది? మిట్టమధ్యాహ్నము మిద్దెమీద, చాపపై పొర యారిన పిమ్మట పొర పోసి, కాకులను తోలుచు కూర్చున్నది ఆమెయే. తినినవారము, సెలవులలో నాడుకొను పిల్లలము. యంత్రము కొన్నంత మాత్రమున వంటిల్లు సంస్కరింపబడదు; శ్రమ చేతులు మారవలెను.

సోదరులారా, రాబోవు వైశాఖమున ముక్కలు కోయుటకు కత్తిపీట ముందు మనము కూర్చుందము. మా యింట ఒక చాప తాండ్రయు పోయబడును. కాకులను తోలువారము మేమే.