కరెంటు పోయిన వేళ

మా యింట రెండు విధములైన విద్యుత్తు గలదు. ఇన్వర్టరు బ్యాటరీలోనిది ఏకముఖము, అనఁగా నొకే దిక్కునఁ బాఱునది. గోడలోనిది ఏకాంతరము, సెకనునకు 50 మాఱులు ముందునకు వెనుకకు నూఁగునది. బ్యాటరీ 12 వోల్టులదే గాన పొడిచేతికి బాధ తోఁపదు. (దాని కొనలు రెండును స్పానరుతోఁ గలిసినచో నిప్పులు రాలును; అది వేఱు ముచ్చట.)

గత వేసవిలో, కరెంటు పోయినది గదా యని మా తాతగారు ఊడిన స్విచ్చుబోర్డును విప్పఁబోయిరి. "మామయ్యగారూ, ముట్టవలదు!" అని మా యమ్మ యడ్డపడెను. "బ్యాటరీ కరెంటే కదమ్మా!" అని వారనిరి. ఈ మాట పలువురిండ్లలో వినుచున్నాము. వీధిలోని సరఫరా నిలిచినను, ఇన్వర్టరు ఆ 12 వోల్టులనే 230 వోల్టుల ఏకాంతర ప్రవాహముగ మార్చి తీఁగలకుఁ బంపుచునే యుండును. అది కండరములను బిగియించును. పట్టిన చేయి విడిపించుకొన శక్యము కాదు. అందులకు 10 నుండి 20 మిల్లీయాంపియరులు చాలును. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకే యింతకంటె నెక్కువ కావలయును! మెయిను, ఇన్వర్టరు రెండును ఆపి, టెస్టరు వెలుఁగకుండుట చూచిన పిమ్మటనే నాన్నగారు స్క్రూడ్రైవరు పట్టిరి.

ఏకముఖమెల్ల సాధువనుకొనరాదు. మేడలపై నమర్చిన సౌరఫలకముల వరుసలో వోల్టులు వందలకెక్కును; మెయిను ఆపినను, ఎండ యున్నంతసేపు ఫలకముల తీఁగలలో నవి నిలిచియే యుండును.